డిశ్చార్జ్ అయ్యాక ఇంట్లో మిషన్ కావాలంటే ఏం చేయాలి

వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం వార్డులోనో, హన్మకొండలోని ఏదో ప్రైవేటు ఆసుపత్రిలోనో వారం పది రోజులున్న పేషెంటును ఇంటికి పంపే రోజు, రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ ఒక్క మాట చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోతారు: "ఇంటి దగ్గర ఆక్సిజన్ పెట్టుకోవాలి." కొడుకు, ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్ర టేబుల్ దగ్గరికి ఉరుకుతాడు. "సారూ, మా బాపుకు ఆక్సిజన్ మిషన్ రాసిన్రు, కార్డు మీద వస్తదా?" రాదంటారు. అక్కడి నుంచి ఇక సర్జికల్ షాపు, దాని వెనకాల అప్పు.

ఆరోగ్యమిత్ర చెప్పింది నిజమే. కాకపోతే అది ఒక్క ఆరోగ్యశ్రీ కార్డుకు సంబంధించిన నిజం. ఇంట్లో ఎవరో ఒకరి ఉద్యోగం మీద, వయసు మీద, వైకల్యం మీద వేరే దారులు ఉండొచ్చు. వాటిలో చాలావాటికి ఒకటే షరతు: కొనకముందే అడగాలి, కాగితం సరిగా ఉండాలి. కొన్నాక బిల్లు పట్టుకుని తిరిగితే పైసలు రావడం కష్టం. అందుకని ఏ పని ముందో, ఏ పని తర్వాతో వరసగా చెప్తాను.

ముందు కార్డు ఎక్కడిదాకా పనిచేస్తుందో తెలుసుకోండి

2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల పరిమితి ఉంది. 1,800కు పైగా చికిత్సలు ఇందులో ఉన్నాయి. ఆ 10 లక్షలు మీ చేతికి వచ్చే పైసలు కావు. ఫలానా ఆపరేషన్‌కు ఇంత, ఫలానా జబ్బుతో అడ్మిట్ అయితే ఇంత అని ఆసుపత్రికి కట్టే ప్యాకేజీలు. ఆ ప్యాకేజీలో బెడ్, పరీక్షలు, మందులు, భోజనం అన్నీ కలిసి ఉంటాయి. గుండెలో వేసే స్టెంట్, పేస్‌మేకర్ లాంటివి ఒంట్లోకి పోయే వస్తువులు కాబట్టి చికిత్సలో భాగమవుతాయి. డిశ్చార్జ్ అయ్యాక పది రోజుల మందులు ఇచ్చి పంపాలి. ఇంటికి మోసుకుపోయే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్), బైపాప్ (మాస్కుతో ఊపిరి అందించే మిషన్), ఆసుపత్రి మంచం, గాలి పరుపు, వీల్ చైర్ ఈ లెక్కలోకి రావు.

ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. ఆ పథకానికి తెలంగాణ 2021లో ఒప్పుకుంది. కుటుంబానికి 5 లక్షలు, అడ్మిట్ కావడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల ఖర్చు అందులో కలుస్తాయి. 70 ఏళ్లు నిండిన వాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఇచ్చే వయ వందన కార్డును 2024 అక్టోబర్ 29న కేంద్రం తెచ్చింది. అదీ ఆసుపత్రిలో చేరితే పనికొచ్చే కార్డే.

అయితే దీంట్లోనే మీకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. మిషన్ కార్డు మీద రాకపోయినా, ఆ మిషన్ కావాలని రుజువు చేసే పరీక్షలు అడ్మిట్ అయి ఉన్నప్పుడే చేయించుకోవచ్చు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఏబీజీ పరీక్ష, ఎక్స్‌రే, గుండె ఎకో ఇవన్నీ ఆ రిపోర్టుల్లో పడేలా చూసుకోండి. డిశ్చార్జ్ అయి ఇంటికి పోయాక అవే పరీక్షలు బయట చేయిస్తే మీ జేబుకే చిల్లు.

ఇంకోటి. కార్డు మీద చేర్చుకున్న ఆసుపత్రి, లోపల ఉండగా వాడే మాస్కు, గొట్టం, క్యాథెటర్ బయట కొనుక్కురమ్మంటే కొనకండి. ముందు ఆరోగ్యమిత్రకు చెప్పండి, వినకపోతే 104కు ఫోన్ చేయండి. "కార్డు మీద మిషన్ ఇప్పిస్తా, ఓ ఐదు వేలియ్యి" అని గేటు దగ్గర తిరిగే మనిషి దొరికితే దండం పెట్టి పక్కకు జరగండి.

డిశ్చార్జ్‌కు ముందు రోజు చేయాల్సిన పని

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డిశ్చార్జ్ సమ్మరీలో "హోమ్ ఆక్సిజన్ అడ్వైజ్డ్" అని రెండు ముక్కలు రాసి ఇస్తే దాంతో ఏ ఆఫీసులోనూ పని కాదు. డ్యూటీ డాక్టర్‌ను పట్టుకుని, మర్యాదగా, వేరే కాగితం మీద వివరంగా రాయించుకోండి. రోజంతా పేషెంట్లతో సతమతమయ్యే డాక్టర్‌కు మీ ఆఫీసు కష్టం తెలియదు. ఏమేం కావాలో మీరే చెప్పాలి.

ఆక్సిజన్ కోసమైతే ఆ కాగితంలో ఉండాల్సినవి: జబ్బు పేరు, ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి పీలుస్తున్నప్పుడు వేలికి పెట్టే మిషన్‌లో ఎంత చూపించిందో ఆ శాతం, ఏబీజీలో వచ్చిన అంకె, నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టాలి, రోజుకు ఎన్ని గంటలు, ఎన్ని నెలలు. ఊపిరితిత్తుల డాక్టర్లు ఇంటి ఆక్సిజన్‌కు సాధారణంగా చూసే గీత 88 శాతం. పేషెంటు జబ్బు కుదురుగా ఉన్నప్పుడు కూడా అంతకు మించకపోతేనో, ఏబీజీలో ఆక్సిజన్ 55 మిల్లీమీటర్లు దాటకపోతేనో రోజుకు కనీసం 15 గంటలు పెట్టమంటారు. ఈ రెండు అంకెలు కాగితంలో లేకపోతే ఏ మెడికల్ ఆఫీసరైనా ఫైలు వెనక్కి పంపిస్తాడు.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు సీపాప్, బైపాప్ రాస్తే స్లీప్ స్టడీ రిపోర్టు జత చేయాల్సిందే. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో ఆ అంకె, మిషన్‌లో పెట్టాల్సిన ప్రెషర్, మాస్కు రకం రాయించండి. నడుము విరిగి, పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్లకు గాలి పరుపు, తల వైపు లేచే మంచం అడుగుతుంటే "సొంతంగా పక్కకు తిరగలేడు, పుండ్లు పడే ప్రమాదం ఉంది" అన్న వాక్యం కావాలి.

డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. పేరు ఆధార్‌లో ఎట్లుంటే అట్లనే రాయించాలి. మన దగ్గర ఆధార్‌లో "సమ్మయ్య", ఆసుపత్రి చీటీలో "సాంబయ్య" పడటం మామూలే. ఆ ఒక్క అక్షరం తేడాకు నెల రోజులు తిరగాల్సి వస్తుంది. రాసింది ప్రైవేటు డాక్టర్ అయితే, ఎంజీఎంలోనో జిల్లా ఆసుపత్రిలోనో అదే విభాగం డాక్టర్‌తో మరో చీటీ తీసుకోండి. చాలా పథకాల్లో ప్రభుత్వ స్పెషలిస్టు సంతకానికి ఉన్న విలువ వేరు.

అదే ఊపులో డాక్టర్‌ను ఇంకో ప్రశ్న అడగండి: "ఇది జన్మంతా కావాల్నా, కొన్ని నెలలకేనా?" న్యుమోనియా తగ్గి ఇంటికి పోతున్న పేషెంటుకు రెండు మూడు నెలల్లో అవసరమే తీరిపోవచ్చు. అలాంటప్పుడు కొనకుండా అద్దెకు తెచ్చుకుని, రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించడం మేలు. యాభై వేలు పెట్టి కొన్న మిషన్ మూడు నెలలకే మూల పడి, పైన చీర కప్పి టీవీ స్టాండ్ చేసుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి.

ఇంట్లో ఎవరి ఉద్యోగం మీద ఏముందో వెతకండి

చాలామంది ఈ పని చేయనే చేయరు. తెల్ల కార్డు ఉందంటే అదే దిక్కనుకుంటారు. ఒక కాగితం తీసుకుని ఇంట్లో అందరి పేర్లూ రాయండి. ఇప్పుడు చేసే ఉద్యోగం, రిటైరైన ఉద్యోగం, పేషెంటు మీద ఆధారపడ్డ వాళ్లవీ, పేషెంటు ఎవరి మీద ఆధారపడ్డాడో వాళ్లవీ.

ఈఎస్ఐ, అంటే తక్కువ జీతం కార్మికులకు జీతంలో కోతతో నడిచే ప్రభుత్వ బీమా. కొడుకో కూతురో హన్మకొండ షాపింగ్ మాల్‌లో, ప్రైవేటు ఆసుపత్రిలో, షోరూంలో, సెక్యూరిటీ ఏజెన్సీలో నెలకు 21,000 లోపు జీతానికి పనిచేస్తుంటే జీతం చీటీ తెచ్చి చూడండి. ఈఎస్ఐ కోత పడుతుంటే, వాళ్ల మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు కూడా ఆ ఇన్సూరెన్సులో ఉన్నట్టే. పేరు చేర్చి ఉండకపోతే ముందు కంపెనీ వాళ్లతో చేర్పించండి. ఈఎస్ఐలో స్పెషలిస్టు రాస్తే వీల్ చైర్, చంక కర్రలు, కాలిపర్లు, కృత్రిమ కాలు, వినికిడి మిషన్, నడుము బెల్టు, మెడ పట్టీ లాంటివి చికిత్సలో భాగంగానే ఇస్తారు. ఊపిరి మిషన్ అయితే డాక్టర్ సిఫార్సుతో రాతలో దరఖాస్తు ఇచ్చి, రాతలోనే జవాబు తీసుకోండి. వరంగల్‌లో, సిర్పూర్ కాగజ్‌నగర్‌లో ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి. ఎవరికీ తెలియని ఇంకో సంగతి: కనీసం ఐదేళ్లు ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం చేసి వయసు వచ్చి రిటైరైన వాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, భార్యకో భర్తకో వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలు. పాత మిల్లు కార్మికుల ఇళ్లలో ఈ సంగతి తెలియక వదులుకున్నవాళ్లు ఎంతమందో.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు పీల్చే హమాలీలు, సిరిసిల్ల మరమగ్గాల మీద దూది నుసి పీల్చే వాళ్లు, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో పనిచేసే వాళ్లు, ఊపిరి మిషన్ ఎక్కువగా అవసరం పడేది వీళ్లకే. ఈఎస్ఐ ఎక్కువమందికి లేనిదీ వీళ్లకే. బీడీ కార్మికులకు కార్మిక సంక్షేమ శాఖ గుర్తింపు కార్డు, డిస్పెన్సరీలు ఉన్నాయి. ఆ కార్డు ఇంట్లో ఎక్కడైనా పడి ఉంటే వెతికి తీయండి.

రైల్వే. కాజీపేటలో రైల్వే ఇల్లు లేని వాడకట్టు తక్కువ. సర్వీసులో ఉన్నవాళ్లకూ, రిటైరయ్యాక వైద్య పథకంలో చేరిన వాళ్లకూ రైల్వే ఆసుపత్రి ఉంది. ఇంటి మిషన్ అడగాలంటే కాజీపేట రైల్వే ఆసుపత్రి డాక్టర్ ద్వారానే పోవాలి, ఆయన పైకి సిఫార్సు చేస్తారు. బయట చూపించుకుని, కొనుక్కుని వచ్చి బిల్లు ఇస్తామంటే కుదరదు.

సింగరేణి. గోదావరిఖని, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, భూపాలపల్లి వైపు ఇళ్లలో ఇది మొదటి తలుపు. పనిచేస్తున్న కార్మికుడికి కంపెనీ ఏరియా ఆసుపత్రులున్నాయి. రిటైరైన వాళ్లకు ముందే కొంత డబ్బు కట్టి చేరే వైద్య పథకం ఉంది. రిటైరయ్యే ముందు చేరారో లేదో కార్డు చూసి నిర్ధారించుకోండి. గనిలో దుమ్ము పీల్చడం వల్లే ఊపిరితిత్తులు పోయాయని డాక్టర్ చెప్తే, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బు కిందికి వస్తుంది. ఆ నష్టపరిహారం వ్యవహారం వేరు. యూనియన్ వాళ్లతో మాట్లాడాల్సింది అదే.

మాజీ సైనికులు. వాళ్ల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే. ఆక్సిజన్ కాన్సంట్రేటర్, సీపాప్, బైపాప్, నెబ్యులైజర్, వినికిడి మిషన్ ఇంటికి ఇచ్చే ఏర్పాటు ఆ పథకంలోనే ఉంది. వరంగల్, కరీంనగర్ పాలీక్లినిక్‌లలో మీ కార్డు ఎక్కడ నమోదైందో అక్కడి మెడికల్ ఆఫీసర్ ద్వారా కదలాలి. ఊళ్లో ఒంటరిగా ఉండే సైనికుడి భార్యకు, తల్లికి కూడా హక్కు ఉండొచ్చు. ఆయన పోయాక కార్డు బీరువాలో పెట్టి మరిచిపోయి ఉంటారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్లు. పోస్టాఫీసు, టెలికాం, ఇన్‌కంటాక్స్‌లో చేసి, కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్ కార్డు తీసుకున్న వాళ్లకు కాన్సంట్రేటర్, సీపాప్, బైపాప్‌లకు డబ్బు తిరిగి ఇస్తారు. ఒక్కో మిషన్‌కు గరిష్ఠ ధర ఉంటుంది. అంతకు మించి కొంటే మిగతాది మీదే. వరస తప్పకూడదు: స్పెషలిస్టు చీటీ, పరీక్ష రిపోర్టులు, ముందస్తు అనుమతి, ఆ తర్వాతే కొనుగోలు, చివరికి బిల్లు. ఇప్పుడు అమల్లో ఉన్న గరిష్ఠ ధర ఎంతో అనుమతి కాగితం మీదే రాయించుకోండి. అవసరం తీరాక మిషన్ తిరిగి అప్పగిస్తామని హామీపత్రం అడగవచ్చు. కంగారు పడకుండా ఇచ్చేయండి.

రాష్ట్ర ఉద్యోగులు, పెన్షనర్లు కొనకముందే జీతమో పెన్షనో మంజూరు చేసే అధికారికి ఒక లేఖ ఇచ్చి, జవాబు వచ్చాకే షాపు మెట్లెక్కండి.

వీటిలో ఏ ఆఫీసుకైనా సరే, లేఖ పెద్దగా అక్కర్లేదు. ఇట్లా రాస్తే చాలు:

"అయ్యా, నా తండ్రి (పేరు, కార్డు నంబరు) ఊపిరితిత్తుల జబ్బుతో ఫలానా ఆసుపత్రిలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చికిత్స పొందారు. ఇంటి వద్ద రోజుకు 16 గంటలు, నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ అవసరమని డాక్టర్ ధ్రువీకరించారు. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మంజూరు చేయాలని, లేదా కొనుగోలుకు ముందస్తు అనుమతి ఇవ్వాలని కోరుతున్నాను. మంజూరు వీలుకాకపోతే ఏ నిబంధన ప్రకారం వీలుకాదో తెలియజేయగలరు. జత: డాక్టర్ ధ్రువీకరణ, డిశ్చార్జ్ సమ్మరీ, ఏబీజీ రిపోర్టు, కార్డు, ఆధార్ నకళ్లు."

ఆ చివరి వాక్యం మాత్రం వదలకండి. "కాదు" అని నోటితో అనడం తేలిక, ఏ నిబంధన ప్రకారం కాదో రాసివ్వాలంటే ఫైలు తెరిచి చూడక తప్పదు. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

వయసు మీద, వైకల్యం మీద వచ్చేవి

ఉద్యోగాల దారి ఏదీ లేకపోతే ఇటు రండి. ఇక్కడ ఊపిరి మిషన్లు దొరకవు, నడవడానికి, కూర్చోవడానికి, వినడానికి కావలసినవి దొరుకుతాయి.

60 ఏళ్లు దాటి, పేద కుటుంబమో, నెల ఆదాయం 15,000 లోపో అయితే రాష్ట్రీయ వయోశ్రీ యోజన వర్తిస్తుంది. 2017లో మొదలైంది. చేతికర్ర, వాకర్, చంక కర్రలు, వీల్ చైర్, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు ఉచితం. తర్వాత కమోడ్ కుర్చీ, మోకాలి పట్టీ, నడుము బెల్టు లాంటివీ కలిపారు. కాన్పూర్‌లోని ఆలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసి, జిల్లాల్లో క్యాంపులు పెట్టి ఇస్తుంది. మొదటి క్యాంపులో కొలతలు, పరీక్ష. వస్తువులు పంచేది తర్వాత వేరే రోజు. మొదటిదానికి పోకపోతే రెండోదానికి పోయినా లాభం లేదు. క్యాంపు ఎప్పుడో కలెక్టరేట్‌లోని జిల్లా సంక్షేమాధికారి ఆఫీసులో కనుక్కుంటూ ఉండాలి. పేరు, ఫోన్ నంబరు ఇచ్చి రండి. అంగన్‌వాడీ టీచర్‌కు కూడా చెప్పి పెట్టండి, కబురు ముందు ఆమెకే తెలుస్తుంది.

40 శాతం వైకల్యం ఉంటే కేంద్రం ఏడిప్ పథకం. నెల ఆదాయం 22,500 వరకు ఉంటే పూర్తి ఉచితం, 30,000 వరకు సగం ధర. ఒకే రకం వస్తువు మూడేళ్లలోపు మళ్లీ ఇవ్వరు, 12 ఏళ్లలోపు పిల్లలకు ఏడాది చాలు. రాష్ట్రంలో వికలాంగుల సహకార సంస్థ కూడా మూడు చక్రాల బండ్లు, వీల్ చైర్లు, వినికిడి మిషన్లకు ఆన్‌లైన్ దరఖాస్తులు పిలుస్తుంటుంది. అది పిలిచినప్పుడే. గడువు దాటితే వచ్చే ఏడాదే.

దీనికంతటికీ తాళంచెవి వైకల్యం శాతం చెప్పే సదరం సర్టిఫికెట్, ఇప్పుడైతే యూడీఐడీ కార్డు. యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టిస్తే పరీక్షకు తేదీ వస్తుంది. పక్షవాతం వచ్చిన వాళ్లను సాధారణంగా ఆరు నెలలు గడిచాకే పరీక్షిస్తారు, అప్పటికి ఎంత కోలుకుంటారో చూడాలి కాబట్టి. ఆ ఆరు నెలలకు వీల్ చైర్ అద్దెకు తెచ్చుకోవడమో, 60 దాటితే వయోశ్రీ దారి పట్టడమో తప్పదు.

ఒక నిరాశ కలిగించే సంగతి కూడా చెప్పాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. కండరాల జబ్బు, పార్కిన్సన్స్, తలసేమియా, సికిల్ సెల్ అన్నీ ఉన్నాయి. ఊపిరితిత్తుల జబ్బు లేదు. పది అడుగులు వేస్తే రొప్పే మనిషికి, చేతికి కాలికి ఏ లోపమూ లేకపోతే, సదరం క్యాంపులో సున్నా శాతమే. ఆయన్ను ఆటోలో ఎక్కించుకుని, సిలిండర్ ఒళ్లో పెట్టుకుని క్యాంపుకు పోవాల్సిన పని లేదు. నా మట్టుకు నాకు ఈ చట్టంలో ఇదే పెద్ద వెలితిగా కనిపిస్తుంది.

ఇక పూర్తిగా మంచాన పడ్డవాళ్లు, క్యాన్సర్ చివరి దశలో ఉన్నవాళ్లు. వస్తువు కంటే మనిషి సాయం వీళ్లకు ఎక్కువ అవసరం. ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలు జిల్లాల్లో ఉన్నాయి, ఆలన పేరుతో బండిలో నర్సు ఇంటికి వస్తుంది. ముక్కు గొట్టం మార్చడం, మూత్రం గొట్టం, పుండ్లకు కట్టు, నొప్పి మందు ఇవి చూస్తారు. ఆశ కార్యకర్తకు చెప్పి పీహెచ్‌సీ ద్వారా పేరు రాయించండి.

కొనక తప్పనప్పుడు

అన్ని దారులూ మూసుకుపోయి కొనాల్సి వచ్చిందనుకోండి. తొందరలో ఫోన్‌లో చూసి "1 నుంచి 7 లీటర్లు" అని రాసి ఉన్న చవక మిషన్ ఆర్డర్ పెట్టకండి. అలాంటివాటిలో చాలామటుకు ఒక లీటర్ దగ్గర 90 శాతం ఆక్సిజన్ ఇచ్చి, లీటర్లు పెంచుతూ పోతే మామూలు గాలి కంటే కాస్త మెరుగైన గాలి ఇస్తాయి. 5 లీటర్ల మిషన్ అంటే 5 లీటర్ల దగ్గర కూడా 90 శాతం దాటి రావాలి. షాపువాణ్ణి మీటర్ పెట్టి చూపించమనండి. చూపించనంటే పక్క షాపు ఉంది.

షాపు ముద్ర ఉన్న జీఎస్టీ బిల్లే కావాలి, పేషెంటు పేరు మీద, మిషన్ సీరియల్ నంబరుతో. "బిల్లు లేకుంటే రెండు వేలు తగ్గిస్తా" అంటారు. ఆ రెండు వేల కోసం రేపటి రీయింబర్స్‌మెంటు, వారంటీ రెండూ పోతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వైద్య పరికరాలపై జీఎస్టీ చాలావరకు 5 శాతానికి దిగింది, పాత రేటు వేస్తున్నారేమో చూడండి. అద్దెకైతే డిపాజిట్ ఎంత, చెడిపోతే ఎన్ని గంటల్లో వేరేది పంపుతారు అన్నవి చీటీ మీద రాయించుకోవాలి. నర్సంపేట అవతలో, ఏటూరునాగారంలోనో ఇల్లైతే రెండో ప్రశ్నే ముఖ్యం.

ప్రైవేటు హెల్త్ పాలసీ ఉన్నవాళ్లు కూడా సంబరపడకండి. ఇంట్లో వాడే ఆక్సిజన్ సిలిండర్, నెబ్యులైజర్ కిట్, మోకాలి పట్టీ, గాలి పరుపు మామూలు పాలసీల్లో చెల్లించని వస్తువుల జాబితాలో ఉంటాయి. ఆ వస్తువులకు విడిగా రైడర్ (పాలసీకి అదనంగా కట్టి తీసుకునే కవర్) తీసుకుని ఉంటే వేరే మాట. ముఖ్యమంత్రి సహాయ నిధి ఆసుపత్రి బిల్లులు చూసి ఇచ్చేది. 2024 జూలై నుంచి దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే, ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పంపుతున్నారు. కార్డు మీద కాకుండా సొంతంగా కట్టిన చికిత్స బిల్లులుంటే ఒరిజినల్స్ అక్కడ ఇవ్వండి. ఆ వచ్చిన డబ్బు మిషన్‌కు పనికొస్తుంది. ఒరిజినల్స్ ఇచ్చేముందు అన్నిటికీ రంగు జిరాక్స్ తీసుకోవడం మరవద్దు.

కరెంటు లెక్క

మిషన్ ఉచితంగా వచ్చినా కరెంటు ఉచితం కాదు. 5 లీటర్ల కాన్సంట్రేటర్ సుమారు 350 వాట్లు తింటుంది. రోజుకు 16 గంటలు నడిస్తే ఐదున్నర యూనిట్ల పైనే, నెలకు దాదాపు 170 యూనిట్లు. 24 గంటలూ నడిస్తే 250. గృహజ్యోతిలో 200 యూనిట్ల వరకే జీరో బిల్లు. దాటితే దాటిన వాటికే కాదు, ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి. ఫ్యాన్, ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు కలిపితే కాన్సంట్రేటర్ ఉన్న ఇల్లు 200 దాటకుండా ఉండటం కష్టం. నెల ఖర్చులో దీన్ని ముందే కలుపుకోండి. డాక్టర్ 16 గంటలు చాలంటే భయంకొద్దీ 24 గంటలు నడపొద్దు, ఒంటికీ మంచిది కాదు, బిల్లుకూ కాదు. కొందరు పేషెంట్లకు లీటర్లు పెంచితే మత్తుగా పడుకుండిపోతారు. ఆక్సిజన్ ఎక్కువై కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఆ నాబ్ తిప్పే పని డాక్టర్‌కే వదలండి.

కరెంటు పోతే ఏంటన్నది కూడా ఆలోచించాలి. వానాకాలంలో ములుగు, భూపాలపల్లి వైపు రాత్రి పోయిన కరెంటు పొద్దున దాకా రాకపోవచ్చు. చిన్న ఇన్వర్టర్ మీద ఈ మిషన్ గంటల తరబడి నడవదు. ఒక చిన్న సిలిండర్ నింపి పెట్టుకోవాలి. 1,500 లీటర్లు పట్టే బి టైపు సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. ఊళ్లో లైన్‌మన్‌కు, సబ్‌స్టేషన్‌కు ఇంట్లో ఆక్సిజన్ పేషెంటు ఉన్నాడని ముందే చెప్పి పెట్టండి. హన్మకొండ కేంద్రంగా ఉన్న కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ కంప్లయింట్ నంబర్ 1912.

మిషన్ ఉన్న గదిలో బీడీ, అగరుబత్తి, దీపం, కట్టెల పొయ్యి ఉండకూడదు. ముక్కు గొట్టం పెట్టుకునే బీడీ వెలిగించి ముఖం కాల్చుకున్న తాతలు ఉన్నారు. ముక్కు ఎండిపోతోందని వ్యాజలీన్ రాయొద్దు, నీటితో చేసిన జెల్ మాత్రమే వాడాలి.

కాదన్నప్పుడు

రాతలో జవాబు రాకపోతేనో, అన్నీ ఉన్నా కాదంటేనో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోండి. పది గంటల లోపు లైన్లో ఉంటే మంచిది. అన్నిటికంటే పైన ఒక పేజీ అర్జీ, దాని కింద ముద్ర వేయించుకున్న పాత దరఖాస్తు నకలు, ఆ కింద డాక్టర్ కాగితం పెట్టండి. ఇచ్చాక రశీదు నంబరు అడిగి తీసుకోండి. ఈఎస్ఐ, రైల్వే, ఈసీహెచ్ఎస్, సీజీహెచ్ఎస్ కేంద్రం పరిధివి కాబట్టి వాటి మీద ఫిర్యాదు కేంద్రం వాళ్ల సీపీగ్రామ్స్ పోర్టల్‌లో పెట్టాలి, ఫోన్లోనే అయిపోతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండి, తిరిగే మనిషి లేకపోతే 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేసి ఊరు, వయసు, కావాల్సిన వస్తువు చెప్పండి. ఏ ఆఫీసుకు పోవాలో చెప్పి దారి చూపిస్తారు.